మోటారు లోగుట్టు విప్పిన లెక్కలు: ఒక సింహావలోకనం

ఒక విద్యుత్ మోటారును చేతికిచ్చి, విప్పకుండా లోపలి సంగతులన్నీ చెప్పమంటే ఎలా? వైండింగ్‌లోని రాగి తీగ నిరోధం ఎంత? దాని ఇండక్టెన్స్ ఎంత? తిరిగే భాగం జడత్వం ఎంత, బేరింగుల్లో ఘర్షణ ఎంత, గాలి ఖాళీని దాటి రోటర్‌కు చేరే అయస్కాంత ప్రవాహం ఎంత? ఇవన్నీ ఆ మోటారు పరామితులు. మామూలు నేమ్‌ప్లేటు మీద ఇవి కనిపించవు. అక్కడ ఉండేది హార్స్‌పవర్, వోల్టేజి, కరెంటు, వేగం వగైరా. కానీ స్టార్టయ్యేటప్పుడు మోటారు ఎంత కరెంటు లాగుతుందో, లో వోల్టేజిలో లోడు మోయగలదో లేదో, ఎంతసేపట్లో వేడెక్కుతుందో ముందే చెప్పాలంటే మాత్రం ఈ పరామితులే ఆధారం.

మోటారు నడకను సమీకరణాల్లో రాసి, వాటిని కంప్యూటర్‌లో నడిపి, వచ్చిన గీతను అసలు మోటారు నుంచి కొలిచిన గీత పక్కన పెట్టి, రెండూ కలిసేదాకా అంకెల్ని సవరించడం ఇవాళ ఇంజినీర్లకు నిత్యకృత్యం. ఈ పద్ధతి వెనక నూట ముప్పై ఏళ్లకు పైబడిన కృషి ఉంది. గ్రాఫు కాగితం, అనలాగ్ కంప్యూటరు, డిజిటల్ కంప్యూటరు, అరచేతిలో ఇమిడే చిప్పు వరుసగా వచ్చాయి. సాధనం మారిన ప్రతిసారీ లెక్క వేగం పెరిగింది. నిజం మాత్రం మోటారును సరైన ప్రశ్న అడిగినప్పుడే బయటపడింది. ఈ చరిత్ర పొడుగునా నాకు కనిపించే సత్యం ఇదే. సాఫ్ట్‌వేరు అందరికీ అందుబాటులోకి వచ్చిన ఈ రోజుల్లో దాన్ని మరింత గట్టిగా చెప్పుకోవాలి.

టురిన్ నేర్పిన తొలి పాఠం

1888 మార్చిలో ఇటలీలోని టురిన్ నగరంలో గెలీలియో ఫెరారిస్ తన తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పండితుల సభ ముందు పెట్టాడు. ఆయన ప్రయోగాలు 1885 నాటివి. రెండు ఏసీ చుట్టలు, వాటి మధ్య ఒక రాగి స్థూపం. తీగతో ఏ సంబంధమూ లేకుండానే ఆ స్థూపం తిరిగింది. అక్కడితో ఆగకుండా ఫెరారిస్ దాని సామర్థ్యాన్ని లెక్క కట్టాడు. క్షేత్రం వేగం కంటే రోటర్ ఎంత వెనకబడితే టార్క్ అంత పెరుగుతుందనుకుంటే, గరిష్ఠ శక్తి సగం వేగం దగ్గర వస్తుంది. అక్కడ రోటర్‌కు చేరిన శక్తిలో సగం వేడిగా పోతుంది. కాబట్టి ఈ మోటారు పరిశ్రమకు పనికిరాదని ఆయన తేల్చాడు.

ఆ ఏడాది మే నెలలోనే న్యూయార్క్‌లో నికోలా టెస్లా తన ఏసీ మోటార్లపై ఉపన్యాసమిచ్చాడు. 1889లో జర్మనీలో మిఖాయిల్ దొలివో దొబ్రొవోల్స్కీ త్రీఫేజ్ స్క్విరల్ కేజ్ మోటారును తయారు చేశాడు. 1891లో లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు 175 కిలోమీటర్ల దూరం త్రీఫేజ్ విద్యుత్తు పారింది. ఫెరారిస్ పనికిరాదన్న మోటారు ప్రపంచాన్ని ఏలింది.

ఫెరారిస్ కూడికల్లో తప్పు లేదు. ఆయన గరిష్ఠ శక్తి ఎక్కడ వస్తుందని అడిగాడు. పరిశ్రమకు కావలసింది తక్కువ నష్టంతో రోజంతా ఎక్కడ నడపగలమన్నది. ఆ చోటు సింక్రనస్ వేగానికి, అంటే క్షేత్రం వేగానికి, కొద్ది శాతం కిందే ఉంది. లెక్క సరిగ్గా ఉన్నా ప్రశ్న తప్పితే ఎంతటి మేధావికైనా దారి తప్పుతుందని మోటార్ల చరిత్ర మొదటి పేజీలోనే రాసి ఉంది.

గ్రాఫు కాగితం మీద తిరిగిన మోటారు

1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ ఏసీ లెక్కలకు సంకీర్ణ సంఖ్యలను పరిచయం చేశాడు. తరంగాలతో కుస్తీ పట్టే పని మామూలు బీజగణితంగా మారింది. ఆ దశాబ్దం ముగిసేలోగా ఫెరారిస్, టెస్లాల ఈ మోటారును, అంటే ఇండక్షన్ మోటారును, ఒక చిన్న సర్క్యూట్‌గా గీయడం అలవాటైంది. కదలని భాగమైన స్టేటర్‌కు ఒక నిరోధం, ఒక లీకేజి రియాక్టెన్స్. రోటర్‌కు అలాగే రెండు. మధ్యలో అయస్కాంతీకరణకు ఒకటి, ఇనుము నష్టాలకు ఒకటి. మొత్తం ఆరు అంకెలు. అంత పెద్ద యంత్రం ఆరు అంకెల్లో ఇమిడిపోవడం ఇంజినీరింగు చేసిన గొప్ప సాహసాల్లో ఒకటి.

1894లో అలెగ్జాండర్ హేలాండ్ ఈ మోటారు కరెంటు కొన ఒక వృత్తం మీద కదులుతుందని చూపాడు. అదే సర్కిల్ డయాగ్రమ్. మన ఇంజినీరింగు కాలేజీల్లో త్రిబుల్ ఈ చదివినవాళ్లకు మెషీన్స్ ల్యాబ్‌లో ఈ ప్రయోగం తప్పకుండా గుర్తుంటుంది. ముందు మోటారును లోడు లేకుండా పూర్తి వోల్టేజి మీద తిప్పాలి. పవర్ ఫ్యాక్టర్ సగానికి తక్కువ కాబట్టి రెండు వాట్‌మీటర్లలో ఒకదాని ముల్లు వెనక్కి కొడుతుంది. దాని కాయిల్ వైర్లు తిప్పి కలిపి, ఆ రీడింగును మైనస్‌గా రాసుకోవాలి. తర్వాత షాఫ్టు తిరగకుండా బిగించి, ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజిని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ రేటెడ్ కరెంటు దగ్గర ఆగాలి. ఈ రెండు పరీక్షలకు తోడు స్టేటర్ నిరోధం కొలిస్తే వృత్తం గీయవచ్చు. ఒక్క కిలో లోడు కూడా పెట్టకుండానే సగం లోడులో, పూర్తి లోడులో మోటారు ఎలా నడుస్తుందో ఆ గీత చెబుతుంది. కంప్యూటర్లు రాకముందే ఇంజినీర్లు చేసిన సిమ్యులేషన్ అది. పెన్సిలు, స్కేలు, వృత్తలేఖినే వాళ్ల హార్డ్‌వేర్.

అయితే ఆ వృత్తంలో రెండు లొసుగులున్నాయి. మొదటిది, షాఫ్టు బిగించినప్పుడు రోటర్ బార్లలో పారే కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్‌జ్. మోటారు క్షేత్రం కంటే 4 శాతం వెనకబడి, అంటే 4 శాతం స్లిప్‌తో నడుస్తున్నప్పుడు అదే ఫ్రీక్వెన్సీ 2 హెర్ట్‌జ్ మాత్రమే. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంటు బారు పైభాగానికే చేరుతుంది కాబట్టి నిరోధం ఎక్కువగా కనిపిస్తుంది. అంటే బిగించి కొలిచిన రోటరూ, నడిచే రోటరూ విద్యుత్ పరంగా ఒకటి కావు. అందుకే తర్వాత వచ్చిన ఐఈఈఈ 112 ప్రమాణం ఈ పరీక్షను రేటెడ్ ఫ్రీక్వెన్సీలో నాలుగో వంతు దగ్గర కూడా చేయమంది. రెండోది ఇంకా లోతైనది. పరీక్షలో స్టేటర్ లీకేజి, రోటర్ లీకేజి కలిపి ఒకే మొత్తంగా వస్తాయి. ఏది ఎంతో బయటి టెర్మినళ్లు చెప్పవు. ఆ మొత్తాన్ని కొన్ని రకాల మోటార్లలో చెరిసగం, డిజైన్ బి రకంలో 40:60 అంటూ ఒక ఒప్పందం ప్రకారం పంచుతూ వచ్చారు. కొలతలాగా కనిపించే అంకె వెనక ఒక ఊహ దాగి ఉందన్నమాట.

నాబ్ తిప్పిన కాలం

వృత్తం నిలకడగా నడిచే మోటారుకే సరిపోతుంది. స్విచ్ వేసిన క్షణంలో, ఒక్కసారిగా లోడు పడినప్పుడు, లైను తెగినప్పుడు ఏమవుతుందో చెప్పాలంటే అవకలన సమీకరణాలు కావాలి. రోటర్ తిరుగుతున్నంతసేపూ ఇండక్టెన్సులు మారుతూనే ఉంటాయి కాబట్టి ఆ సమీకరణాలు మొండికేసేవి. 1899లో ఫ్రాన్స్‌లో ఆంద్రే బ్లాండెల్ ఒక దారి చూపాడు. 1929లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు రాబర్ట్ పార్క్ ఆ దారిని రహదారి చేశాడు. రోటర్‌తో పాటు తిరుగుతూ చూస్తే సింక్రనస్ యంత్రంలో మారే ఇండక్టెన్సులన్నీ స్థిరంగా కనిపిస్తాయన్నది ఆయన చేసిన పరివర్తన సారాంశం. 1938లో స్టాన్లీ ఇండక్షన్ మోటారుకు ఇలాంటి మార్పిడినే చేశాడు. ఇవాళ్టి ఏ సిమ్యులేషన్ ప్యాకేజీ మూత తీసి చూసినా లోపల ఈ సమీకరణాలే పలకరిస్తాయి.

సమీకరణాలు దొరికాయి, సాధించే యంత్రం కావాలి. 1931లో ఎంఐటీలో వానెవర్ బుష్ బృందం చక్రాలు, డిస్కులు, షాఫ్టులతో డిఫరెన్షియల్ ఎనలైజర్ కట్టింది. యుద్ధం తర్వాత ఎలక్ట్రానిక్ అనలాగ్ కంప్యూటర్లు వచ్చాయి. 1965లో పాల్ క్రౌస్, థామస్ ఇండక్షన్ యంత్రాల సిమ్యులేషన్ మీద రాసిన వ్యాసం ఆ రంగానికి పాఠ్యపుస్తకంలా నిలిచింది. అనలాగ్ కంప్యూటర్‌లో ప్రతి పరామితికీ ఒక పొటెన్షియోమీటర్ ఉంటుంది. దాని నాబ్ తిప్పితే తెర మీద గీత అక్కడికక్కడే కదులుతుంది. కొలిచిన గీత మీద దీన్ని కూర్చోబెట్టేదాకా నాబ్ తిప్పడం, తర్వాత నాబ్ స్థానం చదువుకోవడం. సిమ్యులేషన్‌తో పరామితులను రాబట్టే పద్ధతికి ఇంతకంటే స్పష్టమైన రూపం మళ్లీ రాలేదు. ఏ నాబ్ తిప్పితే గీత కదులుతుందో, దేన్ని తిప్పినా కదలదో ఇంజినీరు వేళ్లకే తెలిసేది.

కంప్యూటర్ చేతికి వెళ్లిన పని

నాబ్ తిప్పే పనిని డిజిటల్ కంప్యూటర్‌కు అప్పగించడానికి కావలసిన గణితం అప్పటికే సిద్ధంగా ఉంది. 1801 జనవరి 1న కనబడి కొద్దికాలానికే కనుమరుగైన సిరీస్ అనే చిన్న గ్రహం ఎక్కడ తిరిగి కనిపిస్తుందో గౌస్ లెక్క కట్టాడు. ఆయన పేరుతో ముడిపడిన కనిష్ఠ వర్గాల పద్ధతిని 1805లో లెజాండర్, 1809లో గౌస్ ప్రచురించారు. కొలతకూ లెక్కకూ మధ్య తేడాల వర్గాల మొత్తాన్ని వీలైనంత తగ్గించడమే దాని సూత్రం. 1944లో లెవెన్‌బర్గ్, 1963లో మార్క్వార్ట్ దాన్ని వంకర సంబంధాలకూ పనికొచ్చేలా తీర్చారు. గ్రహాల కోసం పుట్టిన లెక్క మోటార్ల దగ్గరికి దిగివచ్చింది.

మరోవైపు 1970లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పీటర్ సిల్వెస్టర్, ఎంవీకే చారి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని అయస్కాంత సంతృప్తతతో కూడిన క్షేత్రాలకు అన్వయించారు. మోటారు అడ్డుకోతను వందలాది చిన్న త్రిభుజాలుగా చీల్చి, ఒక్కోదానిలో క్షేత్రాన్ని లెక్కించడం అప్పటి నుంచి సాధ్యమైంది. ఇనుము ఎక్కడ సంతృప్తి చెందుతుందో, పంటి మొనల దగ్గర క్షేత్రం ఎలా ఒంగుతుందో ఇంజినీరు మొదటిసారి కళ్లారా చూశాడు. డ్రాయింగు ఉంటే మోటారును తయారు చేయకముందే పరామితులు లెక్కకట్టవచ్చు. డ్రాయింగు లేనివాడికి మాత్రం టెర్మినళ్ల దగ్గరి కొలతలే గతి. ఈ రెండు దారులూ నేటికీ పక్కపక్కనే సాగుతున్నాయి.

1984లో మ్యాథ్‌వర్క్స్ సంస్థ పుట్టింది. కొన్నేళ్లకు సిమ్యులింక్ వచ్చింది. డబ్బాలు పేర్చి గీతలు కలిపితే మోటారు తెర మీద తిరిగింది. 1990ల్లో జెనెటిక్ ఆల్గారిథమ్‌లు, 1995 తర్వాత పార్టికల్ స్వార్మ్ పద్ధతి మోటారు పరామితుల వేటలో దిగాయి. వేల కొద్దీ ఊహామోటార్లను నడిపి, అసలుకు దగ్గరగా ఉన్నవాటిని నిలుపుకుంటూ పోవడం వాటి తీరు. ఇప్పుడు సైలాబ్, ఓపెన్ మోడెలికా, ఫెమ్ లాంటి ఉచిత సాధనాలు ఏ కాలేజీ విద్యార్థికైనా అందుతాయి. ఇంత సులువు అయినచోటే జాగ్రత్త అవసరం.

చిన్న మోటారు చెప్పే పెద్ద పాఠం

ఉదాహరణకు 12 వోల్టుల చిన్న డీసీ మోటారును తీసుకుందాం. నిరోధం 2 ఓములు, ఇండక్టెన్స్ 1 మిల్లీహెన్రీ, వోల్టేజి స్థిరాంకం (తిరిగేటప్పుడు పుట్టే ఎదురు వోల్టేజికి, వేగానికి నిష్పత్తి) సెకనుకు ఒక్కో రేడియన్‌కు 0.02 వోల్టు, జడత్వం లక్షో వంతు కిలోగ్రామ్ చదరపు మీటరు అనుకుందాం. ఘర్షణను పక్కన పెడితే దీని వేగం సెకనుకు 600 రేడియన్లు, అంటే నిమిషానికి సుమారు 5,730 చుట్లు. వేగం పుంజుకునే కాలస్థిరాంకం 50 మిల్లీసెకన్లు. కరెంటు ఎగబాకే కాలస్థిరాంకం అర మిల్లీసెకను. ఒకటి మరొకదానికి నూరింతలు.

ఇప్పుడు స్విచ్ వేసి, వేగాన్ని మాత్రమే 10 మిల్లీసెకన్లకోసారి నమోదు చేశామనుకోండి. తుది వేగం వోల్టేజి స్థిరాంకాన్ని చెబుతుంది. గీత వంపు నిరోధం, జడత్వాల లబ్ధాన్ని మాత్రమే చెబుతుంది. నిరోధాన్ని రెట్టింపు చేసి, జడత్వాన్ని సగం చేస్తే అదే గీత వస్తుంది. ఇండక్టెన్స్ విషయానికొస్తే, దాని కథంతా మొదటి రీడింగు రాకముందే ముగిసిపోయింది. అక్కడ 1 మిల్లీహెన్రీ వేసినా, అందులో సగం వేసినా కంప్యూటరు గీత అసలు గీత మీద ఇంచుమించు అలాగే కూర్చుంటుంది. సాఫ్ట్‌వేరు నాలుగు దశాంశాలతో ఒక విలువ ఇస్తుంది. ఆ దశాంశాలకు ఏ విలువా లేదు.

అదే మోటారుకు కరెంటు ప్రోబ్ తగిలించి, మిల్లీసెకనులో ఇరవయ్యో వంతుకోసారి రీడింగు తీయండి. స్విచ్ వేసిన వెంటనే కరెంటు 6 ఆంపియర్ల వైపు దూసుకెళ్తుంది. నిరోధం 4 ఓములైతే అది 3 దాటదు. చిక్కుముడి ఒక్క దెబ్బతో విడిపోయింది. ఎగబాకే వాలులో ఇండక్టెన్స్ దొరికింది, నిరోధం తెలిసింది కాబట్టి జడత్వమూ తేలింది. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితేనే లోపల నీళ్లున్నాయో లేవో తెలుస్తుంది, మోటారూ అంతే. దాన్ని తగినట్టు కదిలించి, తగినచోట వినాలి. ఆ కదిలింపు లేని డేటాను ఏ ఆల్గారిథమ్ చేతికిచ్చినా రాని సమాచారం రాదు. 1989లో టొరంటోకు చెందిన గోర్డన్ స్లెమన్ ఇండక్షన్ మోటారు నమూనాలను ఈ వెలుగులోనే పరిశీలించి, రెండు లీకేజిలను ఒకే చోట చేర్చిన సర్క్యూట్లు డ్రైవులకు, అంటే మోటారును అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరాలకు, చాలునని చూపాడు. విడదీయలేనిదాన్ని విడదీసినట్టు నటించకపోవడం శాస్త్రంలో పెద్ద నిజాయితీ.

డ్రైవు అడిగిన కొత్త ప్రశ్న

1970 దాకా పరామితులు కావలసింది డిజైనరుకూ, పవర్ సిస్టమ్ ఇంజినీరుకూ. 1970ల మొదట్లో సీమెన్స్‌కు చెందిన ఫెలిక్స్ బ్లాష్కే వెక్టర్ కంట్రోల్‌ను ప్రకటించాక కథ మలుపు తిరిగింది. ఇండక్షన్ మోటారును డీసీ మోటారంత చక్కగా అదుపు చేయాలంటే, రోటర్‌లో అయస్కాంత ప్రవాహం ఏ దిశలో ఉందో డ్రైవుకు ప్రతి క్షణం తెలియాలి. స్లిప్ ఆధారంగా పనిచేసే పద్ధతిలో ఆ దిశను లెక్కించడానికి రోటర్ కాలస్థిరాంకం కావాలి. అందులో నిరోధం ఉంది. నిరోధం వేడితో మారుతుంది. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 75 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 30 శాతం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచిన అంకెతో మధ్యాహ్నం మోటారును నడిపితే టార్క్ తప్పుతుంది, కరెంటు వృథా అవుతుంది.

అందుకే కొలిచే పనిని డ్రైవే నెత్తికెత్తుకుంది. 1991లో అశ్విన్ ఖంబద్‌కోణ్, జోకిమ్ హోల్ట్స్ ప్రచురించిన స్వయం కమిషనింగ్ పద్ధతి ఆ దిశలో ఒక మైలురాయి. కొత్త మోటారును కలపగానే డ్రైవులోని ఇన్వర్టరే డీసీ పంపి నిరోధం, పల్సులు పంపి లీకేజి తేల్చుకుంటుంది. ఫ్యాక్టరీలో డ్రైవు బిగించేటప్పుడు మోటారు కాసేపు కూనిరాగం తీసేది అప్పుడే. మోటారు నడుస్తుండగానే నిరోధం మార్పును వెంటాడే పద్ధతులు, 1960లో కల్మన్ ఇచ్చిన ఫిల్టర్ ఆధారంగా పుట్టినవాటితో సహా, దీనికి తోడయ్యాయి. సిమ్యులేషన్ ఇక్కడ ల్యాబు గడప దాటి, మోటారు పక్కనే, మోటారుతో పాటే సెకనుకు వేలసార్లు నడవసాగింది.

1980ల్లో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాక, విద్యుత్ వాహనాలు రోడ్డెక్కాక, పరామితి స్వరూపమే మారిపోయింది. 2004 నాటి ప్రియస్ కారు మోటారును అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల విప్పి, కొలిచి, వివరాలను బహిరంగపరిచింది. 48 గాడులు, 8 ధ్రువాలు. ఎందరో విద్యార్థులు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి నేర్చుకున్నది ఆ కొలతల మీదే. ఇలాంటి మోటారులో ఇండక్టెన్స్ ఎంత అని అడిగితే ఒక్క అంకెతో జవాబు లేదు. కరెంటు పెరిగేకొద్దీ ఇనుము సంతృప్తి చెంది అది తగ్గుతుంది. అయస్కాంత బలం సైతం డిగ్రీకి దాదాపు 0.1 శాతం చొప్పున సడలుతుంది. స్టైన్‌మెట్జ్ నాటి ఒక్క అంకె ఇప్పుడు కరెంటు, ఉష్ణోగ్రతల మీద పరుచుకున్న పట్టికైంది.

మన బోరుబావుల దగ్గర

తెలుగు రాష్ట్రాల్లో ఈ శాస్త్రం అందరికంటే ఎక్కువ అవసరమైందీ, అందరికంటే తక్కువ అందిందీ రైతుకే. బోరులో దిగిన సబ్‌మెర్సిబుల్ మోటారు లో వోల్టేజిలో కాలిపోవడం ఊరూరా తెలిసిన కష్టం. ఇండక్షన్ మోటారు టార్క్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి 80 శాతానికి పడితే టార్క్ 64 శాతానికి పడుతుంది. పంపు లోడు మాత్రం అంతగా తగ్గదు. స్లిప్, కరెంటు పెరిగి వైండింగ్ ఉడికిపోతుంది. అప్పుడు మోటారు మండల కేంద్రంలోని వైండింగ్ షాపుకు చేరుతుంది.

అక్కడ చుట్టే చేతుల్లో గొప్ప నేర్పు ఉంది. కానీ చుట్లు గానీ, తీగ గేజి గానీ మారితే పరామితులన్నీ మారతాయి, నేమ్‌ప్లేటు మాత్రం పాతదే ఉంటుంది. చుట్లు 10 శాతం తగ్గాయనుకుందాం. అదే వోల్టేజికి అయస్కాంత ప్రవాహం 11 శాతం పెరగాలి. ఇనుము సంతృప్తి అంచుకు చేరుతుంది. లోడు లేకుండానే కరెంటు ఎక్కువ లాగుతుంది. షాపులో మోటారు తిరగగానే పని అయిపోయినట్టే భావిస్తారు. వైండింగ్ నిరోధం, లోడు లేనప్పటి కరెంటు, స్టార్టింగు కరెంటు గీత ఈ మూడూ నమోదు చేసి, ఒక చిన్న సిమ్యులేషన్‌తో పోలిస్తే ఆ మోటారు తక్కువ వోల్టేజిని ఎంతవరకు తట్టుకుంటుందో బోరులోకి దింపకముందే చెప్పవచ్చు. దీనికి కావలసిన లెక్క నూరేళ్ల నాటిది, కొలిచే పరికరాలు చౌకైనవి, సాఫ్ట్‌వేరు ఉచితం. మన ఇంజినీరింగు కాలేజీల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు వైండింగ్ షాపుల గడప తొక్కితే చాలు.

ముందుకు తీసుకెళ్లవలసింది

ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులు కూడా మోటారు సమీకరణాలతో చేతులు కలుపుతున్నాయి. స్వాగతిద్దాం. ఫెరారిస్ నుంచి ప్రియస్ దాకా నిలిచిన క్రమశిక్షణను మాత్రం వదులుకోవద్దు. పరామితి రాసిన ప్రతిచోటా అది ఏ ఉష్ణోగ్రతలో, ఏ కరెంటులో, ఏ ఫ్రీక్వెన్సీలో తేలిందో రాయాలి. ఒక్క అంకెతో సరిపెట్టకుండా అది ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పాలి. పరామితులు రాబట్టడానికి వాడిన పరీక్షతోనే వాటిని నిరూపించుకోకూడదు. మోటారును మరో వోల్టేజిలో, మరో లోడులో నడిపి, ముందే చెప్పిన గీతతో పోల్చి చూడాలి. ఆ రెండో పరీక్షలో నిలిచిన అంకెనే మోటారు పరామితి అని పిలుద్దాం. నిలవనిదాన్ని, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరు ఇచ్చినా, ఇంకా ఊహగానే ఉంచుదాం.